అరచేతికి తగిలే శకారం

వంటింట్లో కుక్కరు కూత మీద కూత వేస్తోంది. దానికి బారెడు దూరంలో పీట వేసుకుని కూర్చున్న అత్తగారు తీరిగ్గా చిక్కుళ్ళకి ఈనెలు తీసుకుంటోంది. మేడ మీద బట్టలు ఆరేస్తున్న కోడలు ఆ గోలకి చేతిలో తడిబట్టతోనే దిగి వచ్చి పొయ్యి కట్టేసింది.

"అత్తయ్యా, వీధి చివరివాళ్ళు కూడా ఉలిక్కిపడి ఉంటారు. మీరేమో తపస్సులో ఉన్నారు!"

"ఏమైంది?"

"కుక్కరు!"

"కూసిందా?"

కోడలు నవ్వబోయి ఆగింది. అత్తగారి మొహంలో వేళాకోళం లేదు. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది, కళ్ళు మాత్రం పొయ్యి వైపు తిరిగి, ఏదో పొరపాటు చేసిన మనిషి కళ్ళలా ఉన్నాయి.

ఆ ఇంటి పెద్దావిడని ఊళ్ళో అందరూ టెలిఫోనమ్మ అంటారు. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఫోను ఎత్తితే "నంబరు చెప్పండి" అని పలికిన గొంతు ఆవిడదే. ఎవరు జలుబుతో ఉన్నారో, ఎవరు ఏడ్చి కళ్ళు తుడుచుకుని ఫోనెత్తారో చెవితోనే పట్టేసేది. అలాంటి మనిషికి పక్కనున్న కుక్కరు వినపడలేదంటే కోడలికి నమ్మబుద్ధి కాలేదు. మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

డాక్టరు ఆమెని అద్దాల గదిలో కూర్చోబెట్టి తలకి హెడ్‌ఫోను తగిలించాడు. తగిలించగానే ఆమె వెన్ను దానంతట అదే నిటారైంది. కుడిచెయ్యి ముందుకి లేచి, అక్కడ లేని తీగల కోసం ఒక్క క్షణం గాలిలో వెతికింది. బయటినుంచి చూస్తున్న కోడలు మొహం పక్కకి తిప్పుకుంది.

"సన్నని శబ్దాలు ముందు పోతాయమ్మా," అంటూ కాగితం మీద కిందికి జారిపోతున్న గీత చూపించాడు డాక్టరు. "పిట్టల కూతలు, ఈలలు. మాటల్లో అయితే స, శ, ష లాంటివి. లావు శబ్దాలు ఇంకొన్నాళ్ళు నిలుస్తాయి."

"ఆ తర్వాత?"

"మిషను ఇస్తాను. ఉన్నదాన్ని పెంచుతుంది. పోయినదాన్ని తేలేదు."

తిరుగు దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుని కోడలు చెబుతున్న ధైర్యవచనాలకి తలాడిస్తూ వచ్చిందే గాని, ఆమె ఆలోచన ఎక్కడో ఉంది. తెలుగు పోతే పోయింది. ఆ మొహాలన్నీ తెలిసినవే, పెదవులు చూసి సగం పట్టుకోవచ్చు. కోడలి కోపమైతే కనుబొమలు చూసినా చాలు. కాని పుట్టింటి భాష సంగతేమిటి? ఆమె పుట్టిల్లు బెంగాలీ ఇల్లు. ఆ భాషలో స రాసినా, శ రాసినా, ష రాసినా నోట వచ్చేది ఇంచుమించు ఒకటే, మెత్తని శ. భాష నిండా ఆ శబ్దమే, పొడి ఆకుల మీద ఎవరో నడుస్తున్నట్టు. సరిగ్గా అదే ముందు పోతుందట.

అది పూర్తిగా పోయేలోపు ఎదురుగా కూర్చున్న మనిషి నోట తన భాష ఒక్కసారి వినాలి. అంతకు మించి ఆమెకి కోరికేమీ లేదు. ఆ ఒక్కటీ తీరేలా కూడా కనిపించలేదు, ఈ ఊళ్ళో ఆ భాష మాట్లాడేది తనకి తెలిసి తనొక్కతే.

ఇక్కడికి ఎలా వచ్చిందంటే, నది ఒడ్డునున్న ఆమె ఊరికి కరెంటు స్తంభాలు పాతడానికి వచ్చిన పనివాళ్ళలో ఒక వైర్‌మన్ ఉండేవాడు. స్తంభం మీంచి దిగి వాళ్ళింట్లో మంచినీళ్ళు అడిగాడు. ఆ అడగడం చేతి సైగలతోనే. మరుసటి రోజు నీళ్ళ దాహం మళ్ళీ వేసింది. ఆ దాహం తీరేసరికి ఈ ఊరి కోడలైంది. ఆయన బతికినన్నాళ్ళు బాగానే చూసుకున్నాడు, బెంగాలీ మాత్రం రెండు ముక్కలకి మించి రాలేదు. "నీకు తెలుగు వచ్చేసిందిగా, ఇంక నాకెందుకే?" అనేవాడు. నిజమే, వచ్చేసింది. రావలసి వచ్చింది.

ఎక్స్ఛేంజిలో చేరిన రోజునే అక్కడి పెద్ద సూపర్‌వైజరమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. "ఫోను ఎత్తినవాడు నీ గొంతు విని ఈవిడ ఏ దేశపు మనిషి అనుకోకూడదు. అడిగాడంటే నువ్వు ఇంటికి పోవడమే." ఇంకో పాఠం కూడా నేర్పింది. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని మాట్లాడమంది. "మాట వెళ్ళాలి, ఊపిరి వెళ్ళకూడదు. నువ్వు ఇక్కడ ఊదితే అవతలివాడి చెవి పగులుతుంది." ఆమె రాత్రనక పగలనక అరచెయ్యి అడ్డం పెట్టుకుని మాటలు దిద్దుకుంది. బెంగాలీవాళ్ళు హల్లుతో ఠక్కున ఆపేచోట తెలుగువాళ్ళు మాట చివర చిన్న ఉకారం పెట్టి మెత్తగా దింపుతారు. అది పట్టుకుంది. ళ పలకడానికి నాలుక మెలిపెట్టింది. మాటల్లోంచి గాలి తీసేసింది. చివరికి ఒకరోజు ముక్కూమొహం తెలీని పెద్దమనిషి ఫోనులో "ఏమ్మా, నీది మా పక్క ఊరే కదూ?" అన్నాడు. ఆ పూట ఆమె ఇంటికి ఎగురుకుంటూ వెళ్ళింది. దానికి ఇచ్చుకున్నదేమిటో ఆవేళ తెలియలేదు.

కొడుకు పుట్టాక వాడితో మొదట బెంగాలీలోనే మాట్లాడేది. వాడు వీధిలో ఆ మాటలే మాట్లాడితే తోటిపిల్లలు నవ్వారు, వాడు ఏడుస్తూ వచ్చాడు. ఆ ఏడుపుతో అదీ ఆగిపోయింది. ఇప్పుడు వాడు వర్క్‌షాపులో లేతు మిషను ముందు నిలబడే పెద్ద మనిషి. తల్లి భాషలో తల్లిని పిలిచే మాట తప్ప ఇంకేమీ గుర్తు లేదు, ఆ మాటేమో రెండు భాషల్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది.

మిగిలింది అన్నయ్య. వారానికోసారి ఫోను చేసేవాడు. చివరి రోజుల్లో నవ్వుతూ ఒక మాట అంటుండేవాడు. "బుడీ, నీ మాటకి అక్కడి గాలి సోకిందే." లైను బాగాలేదులే అని కొట్టిపారేసేది. కిందటేడు అన్నయ్య పోయాడు. ఆ రోజునుంచి బుడీ అని పిలిచే మనిషి లేడు.

బస్సు దిగేసరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. "అమ్మాయ్, నేను బెంగాలీ నేర్పుతాను," అంది కోడలితో.

"ఎవరికి?"

"ఎవరొస్తే వాళ్ళకి."

"వినడానికేగా అత్తయ్యా? నా ఫోనులో పెడతాను, పొద్దస్తమానం వాగుతూనే ఉంటారు."

పెట్టింది కూడా. వార్తలు చదివే అమ్మాయి ఎక్కడా ఊపిరి తీసుకోకుండా చదివేస్తోంది. టెలిఫోనమ్మ కాసేపు చెవి ఒగ్గి విని, ఫోను తిరిగి ఇచ్చేసింది. "ఈవిడ నేను జవాబు చెప్పేదాకా ఆగదమ్మా," అంది.

లైబ్రరీ మేడ మీద పాత పత్రికలు కట్టలు కట్టి పడేసే గది ఒకటుంది. లైబ్రేరియన్ ఆదివారం మధ్యాహ్నాలు దాన్ని వాడుకోమన్నాడు. బెంగాలీ భాషా పరిచయం, కుతూహలం ఉన్నవారు ఎవరైనా రావచ్చు అని కోడలు అట్టముక్క మీద రాసి కింద తలుపుకి వేలాడదీసింది. మొదటివారం గది నిండింది. అందులో కొందరు సర్టిఫికెట్టు ఇస్తారేమోనని వచ్చినవాళ్ళు, కొందరు ఫ్యాను కింద కూర్చుందామని వచ్చినవాళ్ళు. వాన ముసురు పట్టేసరికి అందరూ జారుకున్నారు. ఇద్దరు మిగిలారు.

ఒకరు ప్రభుత్వాసుపత్రి నర్సు. ఆమె వార్డులో ఇళ్ళు కట్టే పనుల్లో దెబ్బలు తగిలిన కూలీలు ఉంటారు, కొందరికి బెంగాలీ తప్ప రాదు. వార్డులోకి బయటివాళ్ళని రానివ్వరు, వాళ్ళేమో వచ్చినట్టే వచ్చి కుట్లు మానకముందే మరో ఊరి పనికి వెళ్ళిపోతారు. "ఎక్కడ నొప్పి అని అడగలేక నేనే ఒళ్ళంతా నొక్కి చూడాల్సి వస్తోందమ్మా, వాళ్ళు నన్ను తిడుతున్నారో దీవిస్తున్నారో కూడా తెలీదు," అంది.

రెండో ఆయన రిటైరైన పోస్ట్‌మన్. భార్య పోయింది, ఒంటరివాడు. చదవడానికి లైబ్రరీలో ఏమీ మిగల్లేదు కాబట్టి మేడెక్కానన్నాడు. కాసేపయ్యాక అసలు సంగతి చెప్పాడు.

"మీ పుట్టింటి ఉత్తరాలు మీ ఇంటికి తెచ్చినవాణ్ణి నేనే కదమ్మా. ఆ అక్షరాలు చూస్తే తీగ మీద ఆరేసిన బట్టల్లా ఉండేవి. ఇంత దూరం మోసుకొచ్చాను గదా, లోపల ఏముందో ఒక్క ముక్కయినా అర్థమైతే బాగుండునని అప్పట్లోనే అనిపించేది."

టెలిఫోనమ్మ బల్ల మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీసింది. "మీరన్నది సరిగ్గా అదే. తెలుగు అక్షరాలకి ఎవరి తలకట్టు వాళ్ళది. మా అక్షరాలు మాత్రం చాలావరకు ఒకే తీగకి వేలాడతాయి. ముందు తీగ కట్టుకోండి, బట్టలు తర్వాత ఆరేద్దాం."

పాఠాలు అలా మొదలయ్యాయి. అకారాన్ని నోరు గుండ్రంగా చేసి ఒకారం వైపు వంచమంది. జలం వాళ్ళ నోట జోల్ అవుతుంది. వకారం లేదు, వచ్చినచోటల్లా బకారమే. నొప్పిని బ్యాథా అంటారు.

"వ్యథేగా అది!" అన్నాడు పోస్ట్‌మన్.

"వ్యథే. మీకు మనసుకి మాత్రమే ఉంటుంది. మాకు మోకాలికి కూడా ఉంటుంది."

"మోకాలికి వ్యథ!" అని నర్సు పడీపడీ నవ్వింది. ఆ నవ్వుతోనే "కోథాయ్ బ్యాథా?" అని ఎక్కడ నొప్పి అడగడం నేర్చేసుకుంది.

ఇంకోవారం తినడం గురించి. బెంగాలీవాళ్ళు నీళ్ళు తింటారని చెప్పింది. మందూ తింటారు, సిగరెట్టూ తింటారు, ఆఖరికి ముద్దు కూడా తింటారు. నర్సు ముక్కున వేలేసుకుంది. "తాగడం అనే మాటే లేదా, అమ్మా?"

"ఉంది, పుస్తకాల్లో. ఇళ్ళల్లో తినడమే. మీరు తిట్లు తినరా? దెబ్బలు తినరా?"

"నేను మా హెడ్ నర్సు దగ్గర రోజూ తింటున్నాను," అంది నర్సు. "నీళ్ళు తినడం దానికంటే నయమే."

అతనికీ ఆమెకీ ఒకటే మాట, శే. ఎదుటివాణ్ణి పిలవడానికి మాత్రం మూడు మెట్లు. పెద్దలకి ఆప్‌ని, సమానులకి తుమి, మరీ చనువైనవాళ్ళకి తుయ్. వెళ్ళేటప్పుడు వెళ్తున్నానని అనకూడదు, ఆశ్ఛి అనాలి, వస్తున్నానని. ఉండేవాళ్ళు ఏశో, అంటే రా, అని పంపాలి. "ఇది మనకీ ఉందిగా, వస్తానని చెప్పి వెళ్ళడం," అన్నాడు పోస్ట్‌మన్. ఆ ఒక్క మాటా అతనికి మొదటిసారే వచ్చేసింది.

రానిది శ. ఇద్దరూ దాన్ని అప్పుడప్పుడు స చేసేవారు. తప్పు పలికారో ఒప్పు పలికారో టెలిఫోనమ్మకి మిషను పెట్టుకున్నా సరిగా తెలిసేది కాదు. అందుకని అరచెయ్యి గుర్తొచ్చింది. ఆనాటి పాఠాన్ని తలకిందులు చేసింది. "నోటి ముందు చెయ్యి పెట్టండి. స అంటే గాలి సూదిలా గుచ్చుతుంది. శ అంటే వెచ్చగా, వెడల్పుగా తగులుతుంది. తగిలితేనే అది మా శ." ముగ్గురూ మూతుల ముందు అరచేతులు పెట్టుకుని శ, శ, శ అంటుంటే, పత్రికల కట్టలు ఎత్తుకుపోవడానికి వచ్చిన పాత పేపర్లవాడు గుమ్మంలోనే ఆగి, "పంటినొప్పులా అమ్మా అందరికీ?" అని అడిగాడు.

ముద్దుపేర్ల సంగతి కూడా చెప్పింది. బెంగాలీ ఇళ్ళల్లో మనిషికి రెండు పేర్లుంటాయి. బడికీ ఆఫీసుకీ మంచి పేరు, ఇంట్లో పిలవడానికి ముద్దుపేరు. నర్సుకి టునీ అని పెట్టింది, చిన్న పిట్ట పేరు. పోస్ట్‌మన్‌కి ఖోకా అని పెట్టింది, అంటే బుజ్జిబాబు. నెరిసిన మీసాల కింద అతని పెదవులు నవ్వాపుకోలేకపోయాయి. "నన్ను బుజ్జిబాబూ అన్నవాళ్ళు పోయి చాలా కాలమైందమ్మా. మరి మీదో?"

"బుడీ. ముసలమ్మ అని అర్థం."

"పుట్టినప్పుడే?"

"అప్పుడే. ముద్దుకి. ఇప్పుడు నిజంగా ముసలమ్మనయ్యాను, పిలిచేవాళ్ళు లేరు."

పోస్ట్‌మన్ ఆ పేరు తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

చలికాలం వచ్చేసరికి ఇద్దరూ చిన్నచిన్న వాక్యాలు అల్లుతున్నారు. కాని ఆమె చెవులు వాళ్ళ చదువు కంటే వేగంగా పోతున్నాయి. వాళ్ళు పాఠం అప్పజెబుతుంటే ఆమెకి తన మాటలే తిరిగి వినిపించేవి తప్ప, ఆ నది ఒడ్డు భాష వినిపించేది కాదు. ఇంటికొచ్చి కోడలితో, "అద్దం ముందు కూర్చుని చుట్టం వచ్చిందని మురిసినట్టుంది," అంది ఒకసారి.

అలాంటి సమయంలో నర్సు మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది. ఊరికి బదిలీ మీద కొత్తగా ఒక ఇంజనీరు వచ్చాడు, అతని భార్య అచ్చమైన బెంగాలీ మనిషి! బిడ్డకి జ్వరమని ఆసుపత్రికొస్తే నర్సు "కోథాయ్ బ్యాథా?" అని అడిగిందట, ఆవిడ ఆశ్చర్యంతో కుర్చీలోంచి లేచి నిలబడిందట. మా ఊరి టీచరమ్మ నేర్పిందని మాత్రమే నర్సు చెప్పిందట. "వచ్చే ఆదివారం మన క్లాసుకి తీసుకొస్తానమ్మా. మీరు వినండి, కడుపునిండా వినండి!"

ఆ వారమంతా టెలిఫోనమ్మ కాలు ఒకచోట నిలవలేదు. మిషనుకి కొత్త బ్యాటరీ వేయించింది. పెట్టె అడుగునున్న తెల్లచీర తీసి ఇస్త్రీకిచ్చింది. పెరట్లో నిలబడి తనలో తను మాట్లాడుకుంటుంటే కోడలు కిటికీలోంచి తొంగి చూసింది.

"ఏంటత్తయ్యా, పెళ్ళిచూపులా?"

"నోర్ముయ్యవే," అంది అత్తగారు, ముసిముసిగా నవ్వుతూ.

ఆదివారం వచ్చింది. ఇంజనీరు భార్య కూడా వచ్చింది. చిన్నది, చురుకైనది, మంచి మనిషి. గుమ్మంలోనే చెప్పులు విడిచి చేతులు పట్టుకుని మాశీమా అంది, పిన్నీ అని. అక్కడినుంచి మాటల వాన. టెలిఫోనమ్మ మెడ ముందుకి చాచి, కళ్ళార్పకుండా ఆ నోటివంకే చూస్తోంది. చెవిలో మిషను కీచుమంటోంది. రాగం వస్తోంది, లేచి పడే ఆ పాత రాగమే. మాటల అంచులు మాత్రం రావడం లేదు. ఎవరో దుప్పటి అవతల నిలబడి మాట్లాడుతున్నట్టుంది. తను కూడా జవాబు చెప్పింది. ఎన్నో ఏళ్ళుగా దాచుకున్న మాటలు, తడబడుతూ, ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి.

ఆ అమ్మాయి శ్రద్ధగా విన్నది. మొహం నిండా మెచ్చుకోలు. తర్వాత ఏదో అడిగింది.

"మళ్ళీ చెప్పమ్మా," అంది టెలిఫోనమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

ఆ అమ్మాయి ఈసారి గొంతు పెంచి, భాష కొత్తవాళ్ళతో మాట్లాడేటప్పుడు అందరూ చేసినట్టే, ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది. "ఆప్‌ని, ఖూబ్, భాలో, బాంగ్లా, బోలేన్. కార్ కాఛే శిఖ్‌లేన్?"

మీరు బెంగాలీ చాలా బాగా మాట్లాడుతున్నారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

నర్సు ఇంకా నవ్వుతూనే ఉంది, ఆమెకి సగమే అర్థమైంది. పోస్ట్‌మన్‌కి మొత్తం అర్థమైంది. అతను చేతిలో సుద్దముక్కని చూస్తూ కూర్చున్నాడు.

టెలిఫోనమ్మ చెయ్యి చెవి దగ్గర అలాగే ఉండిపోయింది. ఫోనులో ఆ పెద్దమనిషి నీది మా పక్క ఊరే కదూ అన్న రోజు ఎందుకో గుర్తొచ్చింది. అన్నయ్య నవ్వు గుర్తొచ్చింది. లైను బాగానే ఉండేదన్నమాట.

"మాయేరు కాఛే," అంది నెమ్మదిగా. అమ్మ దగ్గర.

"అయ్యో, ఎంత బాగుంది! అయితే మీ అమ్మగారు మా వైపు ఉండేవారా?"

"ఉండేది."

నిజం చెప్పొచ్చు. ఒక్క వాక్యం చాలు. కాని ఆ వాక్యం చెప్పాక ఎదుటి మొహంలో వచ్చే నొచ్చుకోలు, ఆ తర్వాత జాలి, ఆ తర్వాత నేనూ ఒకనాటికి ఇలాగే అయిపోతానా అన్న బెదురు, అన్నీ ఆమెకి ముందే కనబడ్డాయి. అంత చిన్న పిల్లకి అది పెట్టడం ఎందుకు? చెప్పలేదు. ఆ అమ్మాయి ఇంకాసేపు ఉండి, నర్సు తెచ్చిన టీ తాగి, ఈసారి వచ్చీరాని తెలుగులో కబుర్లు చెప్పి, ఆశ్ఛి అని వెళ్ళింది. టెలిఫోనమ్మ ఏశో అంది. ఇందాక మాయేర్ అని ఆపవలసినచోట తన నాలుక మాయేరు అందని అప్పుడు మొదటిసారిగా గమనించింది.

ఆ తర్వాతి ఆదివారం లైబ్రరీకి వెళ్ళలేదు. దాని తర్వాతిది కూడా. తలుపుకి వేలాడే అట్ట తెచ్చెయ్యమని కోడలికి చెప్పింది. మిషను డబ్బాలో పెట్టి బీరువాలో పడేసింది. కొడుకు వచ్చి పక్కన కూర్చుని, "ఏమైందమ్మా?" అని గట్టిగా అరిస్తే, "ఏం లేదురా, చెవులే," అంది. వాడు కాసేపు చెయ్యి పట్టుకుని కూర్చుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. నర్సు ఒకసారి వచ్చి, తనేదో తప్పు చేసిందని అర్థమై, ఏం తప్పో అర్థం కాక, గుమ్మంలో కంటతడి పెట్టుకుని వెళ్ళింది.

ఆమె మాట్లాడడం తగ్గించేసింది. తెలుగులో నోరు తెరిస్తే అదొక అద్దె ఇల్లనిపిస్తోంది. సొంత ఇల్లేమో ఎప్పుడో కూలిపోయింది, తనే చూసుకోలేదు. కోడలు పనిమాలా పోట్లాటకి దిగి చూసింది, ఉప్పెక్కువైందని, నీళ్ళు వృథా చేశారని. ఆమె కోడలి కనుబొమలు చూసి, తలాడించి ఊరుకునేది.

చలి తగ్గుముఖం పట్టాక ఒక సాయంత్రం పోస్ట్‌మన్ వచ్చాడు. పాత అలవాటు ప్రకారం గేటు బయటే ఆగి నిలబడ్డాడు. కోడలు చూసి, "ఉత్తరాలేం లేవు కదా, లోపలికి రండి బాబాయిగారూ," అంది.

వరండాలో టెలిఫోనమ్మ కుర్చీ ఉంది. అతను స్టూలు లాక్కుని, కాస్త వినపడే ఎడమచెవి వైపు కూర్చున్నాడు. అతనిది లావు గొంతు, పీపాలోంచి వచ్చినట్టుంటుంది. ముందు రోజులంతా ఇంట్లో గోడలకి అప్పజెప్పినట్టున్నాడు, తడుముకోకుండా మొదలెట్టాడు.

"బుడీదీ. కేమోను ఆఛో?"

బుడీ అక్కా, ఎలా ఉన్నావు? టెలిఫోనమ్మ తల తిప్పి చూసింది. ఆప్‌ని మెట్టు దిగి తుమి మెట్టు మీద నిలబడ్డాడు, అడక్కుండానే. ఆ పేరు ఇంకోసారి వినబడుతుందని ఆమె అనుకోలేదు.

అతను చెప్పుకుపోతున్నాడు. ఇవాళ ఎండ బాగుంది. నేను నీళ్ళు తిన్నాను. మోకాలికి వ్యథ. టునీ ఏడుస్తోంది, శే మంచిది. చిన్నపిల్లల పుస్తకంలో ఉండే వాక్యాలు. ఠక్కున ఆగవలసిన ప్రతి మాట చివరా ఉకారం. ప్రతి మాటకీ అన్నయ్య చెప్పిన ఆ గాలి. అవన్నీ తన తప్పులే. పొల్లు పోకుండా నేర్చుకున్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది. ఇది అమ్మ భాష కాదు. నది ఒడ్డున ఇలా ఎవరూ మాట్లాడరు. విన్నవాళ్ళు మీరు బాగా నేర్చుకున్నారని మెచ్చుకుంటారు. ఈ లోకంలో ఇది మాట్లాడేది ఇద్దరే, ఆ ఇద్దరిలో ఒకరికి చెవులు పోతున్నాయి.

"తప్పులున్నాయి," అంది తెలుగులో.

"ఉంటాయమ్మా. మీ దగ్గర నేర్చుకున్నవి అవే. ఇంకెవరి దగ్గరికీ వెళ్ళను." గొంతు పెంచకుండానే అన్నాడు. "ఆ రోజు ఆవిడ అడిగింది నాకు అర్థమైంది. ఎవరితోనూ అనలేదు."

ఆమె అతని పెదవులనుంచి ఆ మాట అందుకుంది. వీధిలో ఎవరో సైకిలు మీద పోతున్నారు, బెల్లు మోగించినట్టే ఉంది, బొటనవేలు కదిలింది. ఆమెకి మాత్రం ఏమీ వినబడలేదు. కోడలు టీ తెచ్చి పెట్టి, వాళ్ళ మొహాలు చూసి లోపలికి వెళ్ళింది.

చీకటి పడేలా ఉందని అతను లేచాడు. మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. ఆశ్ఛి అంటూ అతని నోరు కదలడం ఆమెకి కనిపించింది. చెవిలోకి వచ్చింది 'ఆ' అన్న మొదటి అక్షరం ఒక్కటే, లావుగా, ఖాళీగా. ఆ తర్వాత శ ఉండవలసినచోట ఏమీ లేదు. ఇంక లేదన్నమాట. ఆమె మొహం అతనికి అర్థమైనట్టుంది. చెయ్యెత్తి, క్లాసులో లాగే, తన నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని మళ్ళీ అన్నాడు. అని, ఆ అరచేతివంక చూసుకుని, తగిలిందన్నట్టు తలాడించాడు.

అతను గేటు దాటాడు. ఆమె తన చెయ్యి మెల్లగా పైకెత్తి నోటి ముందు పెట్టుకుంది.

"ఏశో," అంది.

వినబడలేదు. చేతికి మాత్రం వెచ్చగా తగిలింది.